గడీ వాళ్లు కింద కూర్చోరు

నడుము నిటారుగా పెట్టి కూర్చోవడం మా ఇంట్లో అక్షరాలకంటే ముందు నేర్పిన చదువు. బాపు ఇప్పటికీ గోడకు ఆనుకోడు. పాలకుర్తి దగ్గరి మా ఊళ్లో తాత దొరగా ఉన్ననాటి గడీలో పెద్ద దర్వాజా, దాని వెనుక రెండు గదులు మిగిలాయి. భూములు కొన్ని సీలింగు చట్టంలో పోయాయి, కొన్ని కోర్టుల చుట్టూ తిరిగి పోయాయి. నడుము మాత్రం వంగలేదు. రోజంతా కంప్యూటర్ తెరల ముందు కూర్చునే ఉద్యోగంలో ఇప్పుడు నన్ను బాధపెడుతున్నది అదే. కాస్త వెనక్కి ఆనుకొమ్మని డాక్టరు చెబుతాడు. నాకు చేతకాదు.

ఇంజినీరింగ్ అయ్యాక మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెప్పాను. తర్వాత భూపాలపల్లిలో బొగ్గు లారీలు నడిపే ఒక కాంట్రాక్టరు ఆఫీసులో నెట్‌వర్కు చూసుకున్నాను. అక్కడ ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో వచ్చిన వైరస్ ఒకసారి ఆఫీసు మొత్తాన్ని పడుకోబెట్టింది. అది ఎక్కడ దూరిందో వెతుకుతూనే సైబర్ భద్రత పనిలో పడ్డాను. లోపలికి ఎవరిని రానివ్వాలి, ఎవరిని వాకిట్లోనే ఆపాలి అన్నదే ఆ పనంతా. మా ఇంటికి కొత్త పని కాదులే అనుకున్నాను.

హైదరాబాద్‌లో రక్షణ శాఖకు పని చేసే ఒక సంస్థ పరీక్ష రాశాను. ఎంపికయ్యాను. ఇక పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. రైలు పట్టాల మీద కూర్చున్నందుకు మా ఊరి పిల్లల మీద కేసులున్నాయి. నా పేరు కూడా ఎక్కడైనా వినిపిస్తే ఆ ఉద్యోగం రాదు.

"రోడ్డు దిక్కు పోకు. మనకు వాళ్లతోని ఏం పని?" అన్నాడు బాపు.

నేను వాళ్లతో పోలేదు. సర్టిఫికెట్ల పని మీద జనగామకు బస్సెక్కాను. ఊరు దాటగానే బస్సు ఆగింది. రోడ్డు మీద ఉద్యమం వాళ్ల వంటావార్పు. నడిరోడ్డున రాళ్లపొయ్యిల మీద డేగిసాలు ఉడుకుతున్నాయి. జనం తారు మీదే బారులు తీరి కూర్చుని తింటున్నారు. బస్సులోని వాళ్లంతా దిగి వరుసల్లో కలిశారు. నేను వరుసల పక్కనే బస్సు నీడలో నిలబడ్డాను.

ఊళ్లో ఆటో నడిపే అన్న వరుసలోంచి నన్ను చూశాడు. వాళ్ల తాత మా ఎడ్లకొట్టం చూసేవాడు. ఇప్పుడు ఊరి ఉద్యమమంతా ఈ అన్న చేతి మీదుగానే నడుస్తోంది.

"ఏంది చిన్న దొరా, కుర్చీ తెప్పియ్యాల్నా?"

వరుసంతా నవ్వింది. అన్నం వడ్డిస్తున్న అవ్వ మాత్రం నవ్వలేదు. నా కాళ్ల ముందు మోదుగాకు విస్తరి వేసి, నీళ్లు చల్లి, గంటె పట్టుకుని నిలబడింది.

"కూసో బిడ్డా. అన్నం సల్లారుతది."

వేసిన విస్తరి ముందు నిలబడకూడదన్నది కూడా మా ఇంటి మర్యాదే. కూర్చున్నాను. తారు కాలుతోంది. పప్పుచారు, వంకాయ కూర. ఒకవైపు అన్న భుజం, ఇంకోవైపు ఎవరో ముసలాయన మోకాలు నాకు తగులుతున్నాయి. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. ఎవరో ఫోటోలు తీస్తున్నారు. అప్పుడు నాకు ఉద్యోగం గుర్తుకు రాలేదు.

బస్సెక్కాక గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎన్నో రోజులు సరిగా నిద్ర పట్టలేదు. బాపుకు చెప్పలేదు.

విచారణకు కానిస్టేబుల్ మామూలు బట్టల్లో బండి మీద వచ్చాడు. మా ఇంట్లో మంచినీళ్లు తాగి, ఊళ్లో నలుగురిని అడగాలన్నాడు. నేనూ బాపూ ఆయన వెంట ఆటోల అడ్డా దాకా నడిచాం. అక్కడ అన్న ఉన్నాడు. పక్కన హోటల్ అరుగు మీద అవ్వ ఉంది.

"ఈ పిలగాడు మీతోని రోడ్డెక్కిండా?" అని అడిగాడు కానిస్టేబుల్.

అన్న నా వైపు చూడను కూడా లేదు.

"గడీలోళ్లు మాతోని కింద కూసుంటరా సారూ? ఎన్నడన్న ఇన్నవా? వాళ్ల తాత ముంగట మా తాత చెప్పులు చేతుల పట్టుకొని నడిచిండు. గా ఇంట్ల పుట్టినోడు జెండా పడ్తడా?"

"మా మెతుకు ముట్టెటోళ్లు గాదు బిడ్డా వాళ్లు," అంది అవ్వ.

అడ్డా అంతా నవ్వింది. కానిస్టేబుల్ కూడా నవ్వి బండెక్కాడు. నీ చేతి అన్నమే కదా తిన్నాను అనబోయాను. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది. నిటారుగా నిలబడ్డాను.

"చూసినవా, ఇప్పటికీ మన మర్యాద ఎరుగుదురు," అన్నాడు బాపు ఇంటికి నడుస్తూ.

సాయంత్రం ఒక్కడినే మళ్లీ అడ్డాకు వెళ్లాను.

"గట్లెందుకు చెప్పినవన్నా?"

"నౌకరి కావాల్నా, వద్దా?"

"కావాలె."

"మరింకేంది? మా పోరగాండ్లకు ఎట్లాగూ కేసులైనయి. ఊరికొక్కడన్న సాఫ్‌గ ఉండనీ." ఆటో సీటు తుడుస్తూ అన్నాడు, "ఇన్నొద్దులకు మీ తాత మాకు పనికొచ్చిండు."

ఉద్యోగం వచ్చింది. అక్కడ పొద్దున గేటు దగ్గరే ఫోను ఇచ్చేసి లోపలికి వెళ్లాలి. రాష్ట్రం వచ్చిన కబురు కూడా డ్యూటీ దిగి బయటికొచ్చాకే తెలిసింది. రోడ్డంతా గులాల్. నా చొక్కా మీద ఎవరూ చల్లలేదు.

తర్వాత ఊరికి వెళితే అడ్డా దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆ రోజు వంటావార్పు ఫోటో. వరుస అన్న దగ్గర ఆగిపోయింది. నా దాకా రాకుండా కత్తిరించారు. అన్న భుజం పక్కన ఒక మోచేయి మాత్రం మిగిలింది.

బాపు కళ్లద్దాలు సవరించుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు.

"మనోళ్లెవరు లేరు గదా?"

"లేరు బాపూ," అన్నాను.