నక్కతోక గడ్డి

మా పిన్ని పోవడానికి ఏడాది ముందు వరకూ ఆసుపత్రి లాండ్రీలోనే పనిచేసింది. రోజంతా ఆవిరిలో నిలబడి దుప్పట్లు మడతపెట్టి, కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చి, లోపలికైనా వెళ్లకుండా గేటు పక్కనున్న గడ్డి దగ్గర చతికిలబడేది. పశువులకు వేసే గడ్డి కాదది, అందం కోసం పెంచేది. నడుమెత్తు పెరిగి చివర్లలో మెత్తటి కుచ్చులు వేసేది. అచ్చం నక్కతోకల్లా ఉండేవి. మేమూ ఆ పేరుతోనే పిలిచేవాళ్లం.

"రోజూ ఇన్ని నక్కతోకలు తొక్కుతున్నాను. అదృష్టం మాత్రం పక్కింటికే పోతోంది," అనేవాడు బాబాయి.

"మీరు ముందు ఆ బకెట్ కింద పెట్టండి," అనేది పిన్ని. నీళ్లెక్కువైతే ఆ గడ్డి మొదలు కుళ్లిపోతుంది. బాబాయికేమో ఎండినట్టు ఏది కనిపించినా నీళ్లు పోయకపోతే తోచదు.

జబ్బు ముదిరి పని మానేశాక, ఆమె ఒకరోజు వాకిట్లో ఎగుడుదిగుడు నేలమీద పడిపోయింది. వంట, ఉతుకుడు, మందులు అప్పటికే బాబాయి మీద పడి ఉన్నాయి. ఆయన ఇంకేమీ ఆలోచించకుండా, వాకిలంతా సిమెంటు చేయమని మేస్త్రీకి చెప్పేశాడు. వాదించే ఓపిక పిన్నికి లేదు. నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, రంపం పట్టుకుని రా. మేస్త్రీ వచ్చేలోగా గడ్డిని విడదీసి గోడవారకి మార్చేద్దాం. అక్కడైతే ఎవరికీ అడ్డం కాదు."

గడ్డి అప్పటికి పూర్తిగా ఎండి ఉంది. ఆమె కుర్చీలోంచి చెబుతుంటే, పాత దుప్పటి పేలికతో దాని నడుం బిగించి కట్టి, నేలకు జానెడు పైన కోశాను. దుబ్బును తవ్వి తీస్తే మధ్యంతా చచ్చి బోలుగా ఉంది. చుట్టూ అంచులోనే ప్రాణముంది. రంపంతో ముక్కలు చేశాను.

"మధ్యది పారెయ్. ముసలిదైతే లోపల్నుంచే పోతుంది," అంది. నేను తలెత్తాను. "నన్నట్లా చూడకు. గడ్డి సంగతే చెబుతున్నా."

మేస్త్రీ వచ్చి, గోడవార నాటిన మోళ్లను కాలితో కదిపి చూశాడు. "ఈ చచ్చినవి పీకెయ్యనామ్మా?"

పిన్ని అలసిపోయి కుర్చీలో కళ్లు మూసుకునే ఉంది. "పీకెయ్యండి. మీకెట్లా వీలైతే అట్లా కానివ్వండి."

ఆ మాట వంటింట్లో ఉన్న బాబాయికి వినిపించింది. గడ్డి విషయంలో ఆమె అంత తేలిగ్గా తలొగ్గడం ఆయనెప్పుడూ చూడలేదు. తడిచేతులతోనే బయటికొచ్చాడు.

"ఆగవయ్యా. గేటు నుంచి గడప దాకా, చక్రాల కుర్చీ పట్టేంత బాట చాలు. గోడవైపు ముట్టుకోకు."

"వాకిలంతా అన్నారుగా సార్."

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను."

పిన్ని కళ్లు తెరిచింది.

కొన్నాళ్లకు మోళ్ల అంచుల్లో పచ్చటి సూదుల్లా మొలకలు లేచాయి. బాబాయి ఆమెను చక్రాల కుర్చీలో ఆ బాటమీదికి తీసుకొచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది.

"వచ్చే ఏడు వీటినెవరు కోస్తారు?"

"నేనే కోస్తా. ఎప్పుడు కొయ్యాలో, ఎట్లా కట్టాలో చెప్పు."

ఆమె చెప్పడం మొదలుపెట్టి, మధ్యలోనే నిద్రలోకి జారిపోయింది. బాబాయి లేపలేదు. కుర్చీని నీడలోకి జరిపి, మిగతాది వినడానికి పక్కనే నేలమీద కూర్చున్నాడు.