బొటనవేలికి తగిలిన గుంట

సైకిళ్ళు బాగుచేసే అక్క చేతికి ఏ హెల్మెట్ వచ్చినా ముందు దాన్ని వెల్లకిలా తిప్పి, లోపలంతా బొటనవేలితో నొక్కి చూస్తుంది.

"ఏంటక్కా, హెల్మెట్‌కి నాడి చూస్తున్నావా?" అని ఆటపట్టించేవాళ్ళకు ఒకటే జవాబు.

"పై డొప్ప అబద్ధమాడుతుంది నాయనా, లోపలి థర్మాకోల్ ఆడదు. దెబ్బ తగిలితే అది నలిగిపోయి, తలకి చేరాల్సిన అదురు చాలావరకు తనే మింగేస్తుంది. ఒకసారి నలిగిందా, మళ్ళీ లేవదు."

అలా నలిగినవాటిని ఇంకెవరూ పెట్టుకోకుండా రంపంతో కోసి, ఒక దణ్ణం పెట్టి పారేస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆమె తమ్ముడు వచ్చాడు. హెల్మెట్ తీసి బల్లమీద పెట్టాడు.

"అక్కా, అన్నం తిన్నావా?"

"తిన్నాన్రా" అంటూనే అలవాటుగా హెల్మెట్ అందుకుంది. ఎడమ చెవి పైభాగాన వేలు లోపలికి దిగబడింది.

"ఎక్కడ పడ్డావురా?"

"పడటమేంటి? చక్కగా తొక్కుకుంటూ వస్తేనూ!" అని నవ్వాడు.

వాడి మోచేతికి పూల రుమాలు కట్టి ఉంది. అది వాడిది కాదు. ముడి కూడా ఎవరో ఓపిగ్గా వేసిన ముడి.

"మరి ఇదెవరిది?"

వాడు దాన్ని అప్పుడే చూసినట్టు చూశాడు. "ఏమో..." మళ్ళీ అదే నవ్వు, అదే గొంతు. "అక్కా, అన్నం తిన్నావా?"

పక్క కొట్టు దర్జీని కేకేసింది. "అన్నా, బండి తియ్యి! వీడి తలకి దెబ్బ తగిలింది, వీడికే తెలీదు."

దర్జీ కుడుతున్న బట్టను మిషన్ కిందే వదిలి పరుగెత్తాడు. ఆసుపత్రికి చేరేదాకా తమ్ముడు అదే ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు. విసుక్కుంటే బెదిరిపోతాడేమోనని, ఆమె ప్రతిసారీ అప్పుడే విన్నట్టు "తిన్నాన్రా" అంది.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించింది. లోపల రక్తం కారలేదంది. అక్క వెంట తెచ్చిన హెల్మెట్‌లోని గుంట మీద వేలుపెట్టి, "ఇది లేకపోతే మనం వేరేలా మాట్లాడుకునేవాళ్ళం" అంది.

పొద్దువాలే వేళ ఆ ప్రశ్న ఠక్కున ఆగిపోయింది. అక్క మంచం మీదికి వంగి, ఊపిరి ఉందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టింది.

తమ్ముడు కళ్ళు తెరిచాడు. "ఏంటక్కా ఇది? ఆకలేస్తోంది."

దేవుడా అనుకుని అక్కడే కూలబడింది.

ఎక్కడ పడ్డాడో వాడికి ఈనాటికీ గుర్తు రాలేదు. లేపి, కట్టుకట్టి, సైకిలెక్కించి పంపిన చేతులెవరివో కూడా తెలియదు. కట్టినవాళ్ళు చూసి ఆగుతారని అక్క ఆ రుమాలు ఉతికి కొట్టు గుమ్మానికి కట్టింది.

గాలి లేనప్పుడు కూడా ఒక్కోసారి అది కదులుతుంది. ఆమె చేతిలో పని ఆపి, వీధిలోకి చూసి, ఆ తెలియని చేతులకు దణ్ణం పెట్టుకుంటుంది.