పోలండ్ ఆయన గదిలో ఏడు సీసాలు

మొన్న శుక్రవారం పొద్దున పెరుగు డబ్బా కోసమని ఒమాన్‌లో, మబేలాలో ఉండే మా అమ్మాయి వాళ్ళింటి పక్క సూపర్ మార్కెట్‌కి వెళ్ళి, ఊరగాయల అర ముందు ఆగిపోయాను. మన ఆవకాయ, గోంగూర సీసాల పక్కనే వెడల్పు మూతి సీసా ఒకటుంది, అందులో మబ్బు పట్టినట్టున్న నీళ్ళలో వేలెడేసి దోసకాయలు మునిగి ఉన్నాయి. కళ్ళజోడు సర్దుకుని చూస్తే పోలండ్ సరుకని రాసి ఉంది. కొనకుండా తీసింది తీసినట్టే అరలో పెట్టేశాను గాని, పెరుగు సంగతి మరిచిపోయి వట్టి చేతులతో ఇంటికి వచ్చాను. తలుపు తీసిన మా అమ్మాయి, "దేనికెళ్ళారు నాన్నా, గాలి మార్పుకా?" అని నవ్వింది. నేనూ నవ్వి, గదిలోకి పోయి మంచం కింది అట్టపెట్టె లాగి, ఇరవై ఏళ్ళ నాటి డైరీ బయటికి తీశాను.

నా ఈడు వాళ్ళకి డైరీ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. పొద్దున ఎన్నింటికి లేచామో, ఎవరు వచ్చి వెళ్ళారో, ఎండ ఎంత కాసిందో రోజూ ఒక పేజీ రాయకపోతే ఆ రోజు గడిచినట్టే ఉండేది కాదు మనకి. నేను ఆ రోజుల్లో ఒమాన్‌లోనే ఘాలాలో ఒక పైపులైను కంపెనీ వాళ్ళ క్యాంప్‌కి బాస్‌ని. క్యాంప్ బాస్ అంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు. గదులు కేటాయించడం, మెస్సు చూడడం, బస్సులు వేళకి కదిలేలా చూడడం, ఏసీ కారితే మనిషిని పంపడం. తెనాలి నుంచి వెళ్ళిన నాకు, నిజామాబాదు, జగిత్యాల వైపు నుంచి వచ్చిన రెండు వందల మంది మనవాళ్ళతో పని. వాళ్ళ గదులకి ఎదురుగా ఆఫీసర్లకని కట్టిన చిన్న గదుల వరస ఒకటుండేది. దాని చివరి గదిలోకి వెల్డింగులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌గా దిగాడు పోలండ్ ఆయన. యాభై దాటిన మనిషి, ఎత్తరి, పలచని జుట్టు, నవ్వని మొహం.

ఆ నవ్వకపోవడమే నా అనుమానానికి మొదలు. మనం ఎదురుపడితే ఎవరికైనా పళ్ళు కనపడేలా పలకరిస్తాం కదా. ఆయన తల కొంచెం వంచి, గోడని చూసినట్టు నన్ను చూసి వెళ్ళిపోయేవాడు. రెండోనాడు బాగున్నారా అని అడిగితే, బాగా లేదన్నాడు. ఊరికే అని ఊరుకోలేదు; మోకాలు లాగుతోందని, పరుపు మెత్తగా ఉండి నడుం పట్టేసిందని, మెస్సులో కాఫీ కాఫీలా లేదని, వాళ్ళ దేశంలో ప్రభుత్వం కూడా అలాగే ఏడ్చిందని వరసగా చెప్పాడు. జ్వరంతో మూలుగుతున్నా బాగున్నామండీ అనే ఇంట్లో పెరిగిన నాకు, ఇదేదో నా మీద పైవాళ్ళకి ఫిర్యాదు చేయడానికి ముందు కడుతున్న పునాదిలా కనిపించింది. ఆ రోజు డైరీలో ఆయన పేరు కింద గీత గీసి, మనిషి జాగ్రత్త అని రాసుకున్నాను.

తరవాత ఒకటొకటిగా పోగయ్యాయి. పరుపు మార్పించి, ఆ మాట చెప్పడానికి వెళ్ళి గుమ్మంలో నిలబడి చెయ్యి చాపితే, ఆయన చెయ్యి ఇవ్వలేదు. రెండడుగులు వెనక్కి వేసి, లోపలికి రమ్మని సైగ చేసి, నేను గడప దాటాకే కరచాలనం చేశాడు. బయట ఎవరైనా చూస్తారనేమో అనుకున్నాను; గడప మీదుగా చెయ్యి కలపకూడదన్నది వాళ్ళ ఆచారమని అప్పుడు తెలియదు. లోపల తలుపు పక్కన ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు నాలుగు జతలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒంటి మనిషికి నాలుగు జతలెందుకు? ఎవరొస్తున్నారు ఈ గదికి? నాకొక జత ఇచ్చి, గాజు గ్లాసులో పాలు లేని టీ పోసి, నిమ్మచెక్క వేసి ఇచ్చాడు. టీ బాగుంది. నిజం చెప్పాలంటే ఆ తరవాత వారానికోసారైనా వెళ్ళి తాగేవాణ్ణి. మోకాలి సంగతి, వాళ్ళ పక్కింటివాళ్ళ సంగతి, వాళ్ళ ఊళ్ళో అడవికి పోయి పుట్టగొడుగులు ఏరుకొచ్చే సంగతి చెప్పేవాడు. నేను వింటూనే, తిరిగొచ్చి, ఎన్నింటికి వెళ్ళానో ఎన్నింటికి వచ్చానో, ఆ రోజు చెప్పుల జతలు ఎన్ని కదిలి ఉన్నాయో కూడా రాసుకునేవాణ్ణి. టీ తాగుతూ అనుమానించడం తప్పని అప్పట్లో తోచలేదు.

పుట్టినరోజు ఇంకో గొడవ. పాస్‌పోర్టు నకళ్ళు నా దగ్గరే ఉండేవి కనక, అందులో తేదీ చూసి ఆఫీసు తరఫున శుభాకాంక్షలు చెబితే, ఆయన భుజాలెగరేసి పనిలోకి వెళ్ళిపోయాడు. మూడు నెలల తరవాత ఒక రోజు టై కట్టుకుని, కేకు పట్టుకుని అందరికీ పంచుతూ, ఇవాళ నా రోజు అన్నాడు. మనలో బడిలో వేయించిన తేదీ ఒకటి, అమ్మ చెప్పే తిథి ఒకటి ఉండడం మామూలే గాని, తెల్లవాళ్ళకి రెండు తేదీలేమిటి? పాస్‌పోర్టే దొంగదేమోనని ఆ వారమంతా నకలు వెలుగులో పెట్టి చూశాను. వాళ్ళలో ఒక్కో పేరుకి క్యాలెండర్లో ఒక్కో రోజు ఉంటుందని, పుట్టిన తేదీ కన్నా ఆ పేరు రోజే ఘనంగా చేసుకుంటారని నాకు చాలా కాలానికి తెలిసింది. అడిగితే ఆ రోజే చెప్పేవాడు. నేను అడగలేదు, రాసుకున్నాను.

ఎండలు తగ్గాక ఆయన శుక్రవారాలు కంపెనీ పికప్ తీసుకుని సమాయిల్ వైపు వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ ఖర్జూరం తోట ఉన్న ఒమానీ రైతు ఒకాయన స్నేహమయ్యాడట. సంచుల నిండా చిన్న దోసకాయలు, ద్రాక్ష ఆకులు, ఏదో పీచులాంటి కూర తెచ్చుకునేవాడు. మెస్సులో ఖాళీ అయిన వెడల్పు మూతి గాజు సీసాలు పారేయొద్దని వంటవాడికి చెప్పి, అవి పట్టుకుపోయేవాడు. ఆకులేమిటి, సీసాలేమిటి?

ఒక సోమవారం మధ్యాహ్నం, ఆయన సైట్‌లో ఉండగా, గోడలోంచి ఏసీ నీళ్ళు కారుతున్నాయని తెలిసి, తాళంచెవి తీసుకుని మా పెద్ద మేస్త్రీతో ఆ గదిలోకి వెళ్ళాను. మేస్త్రీ నిజామాబాదు వైపు మనిషి, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. కిటికీ కింద గుడ్డ కట్టిన సీసాలు ఏడున్నాయి. లోపల నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి, అడుగు నుంచి బుడగలు లేస్తున్నాయి, పైన నురుగు. మేస్త్రీ వంగి ముక్కు పెట్టాడు.

"సారూ, గిది కల్లే. చిన్నప్పటి సంది చూసినోన్ని, నాకు తెల్వదా? నురుగు చూడుండ్రి, ఎట్ల పొంగుతుందో."

"వెల్లుల్లి వాసన కూడా వస్తోంది కదయ్యా," అన్నాను.

"వాసన తెల్వకుంట ఉండనీకె ఏసిండు."

"దోసకాయలతో ఎవడైనా సారా కాస్తాడా?"

"ద్రాక్షతోని చేస్తరు, ఖర్జూరంతోని చేస్తరు, దోసకాయతోని చెయ్యరా? తెల్లోళ్ళు సారూ, వాళ్ళు దేన్నీ ఇడువరు."

ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆ ఎండలో, ఆ గదిలో నాకు చెమటలు పట్టాయి. క్యాంప్‌లో సారా కాస్తే పోలీసు కేసు. వారం తిరక్కుండా విమానం ఎక్కించేస్తారు. తెలిసీ చెప్పలేదని తేలితే క్యాంప్ బాస్ కూడా అదే విమానంలో. ఊరగాయ అన్న ఆలోచన ఎందుకు రాలేదని మీరడగవచ్చు. మా అమ్మ ఆవకాయ కలిపే రోజున తడి చేత్తో ఆ గదిలోకి కూడా రానిచ్చేది కాదు. ఒక్క నీటి చుక్క పడితే జాడీ మొత్తం బూజే. కాయల్ని నీళ్ళలో ముంచి, నురుగు వచ్చేదాకా ఊరుకుని, దాన్ని ఊరగాయ అంటారని నేను కలలోనైనా ఎలా అనుకుంటాను?

మేనేజరు మలయాళీ పెద్దమనిషి. సంగతి చెబితే, నోటి మాట పనికిరాదు, రాసివ్వమన్నాడు. రాయడం నాకెంతసేపు? డైరీ ముందు పెట్టుకుని రెండు కాగితాల నిండా ఎత్తి రాశాను. సీసాలు రాసి ఊరుకుంటే సరిపోయేది. చెప్పుల జతలు, రెండు పుట్టినరోజులు, సమాయిల్ ప్రయాణాలు, గదిలో దీపం ఎన్నింటికి ఆరేదో, టీ తాగుతూ నాతో చెప్పిన ప్రభుత్వం మాటలు, అన్నీ తేదీలు వేసి, దస్తూరి చక్కగా కుదిరిందని మనసులో మురిసిపోతూ రాశాను.

మర్నాడు పొద్దున మేనేజరు గదిలో బల్ల మీద మూడు సీసాలు. పోలండ్ ఆయన వచ్చి, సంగతి విని, కోప్పడలేదు, మొదటిసారి నా ఎదుట పెద్దగా నవ్వాడు. గుడ్డ విప్పి ఒక దోసకాయ తీసి కరకరా కొరికి, ఇంకోటి మేనేజరుకి, ఇంకోటి మేస్త్రీకి ఇచ్చాడు. ఉప్పునీళ్ళలో వేసి పులియబెట్టడం వాళ్ళమ్మ నేర్పిందట. ద్రాక్ష ఆకు వేస్తే కాయ మెత్తబడదట. మేనేజరు కొరికి, కళ్ళు గట్టిగా మూసుకుని, సారా కాదన్నాడు. మేస్త్రీ నమిలి నమిలి, "ఉప్పులేసిన దోసకాయ సారూ! కారం లేదు, నూనె లేదు, గిదేం తొక్కు! దీనికోసం గింత లొల్లి చేస్తిమా!" అని నా వైపు చూశాడు. అందరం నవ్వేశాం.

అక్కడితో అయిపోయేదే. కానీ సీసా మూత పెట్టబోతూ ఆయన బల్ల మీద ఉన్న నా కాగితాలు చూశాడు. ఇంగ్లీషులో రాసినవే కనక చదివాడు. మొదటిది చదివి, రెండోది చదివి, ఇది మీ చేతిరాతేనా అని నన్నడిగాడు. అవునన్నాను. కాగితాలు నాలుగు మడతలు పెట్టి, మేనేజరుకి కాక నా చేతిలోనే పెట్టాడు.

తరవాత చెప్పిన మాటలు ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో నిదానంగా చెప్పినవి, నాకు ఇప్పటికీ కంఠతా ఉన్నాయి. తన చిన్నతనంలో వాళ్ళ నాన్న ఇలాంటి కాగితం ఒకటి వల్లనే ఉద్యోగం పోగొట్టుకున్నాడట. రాసినవాడు వాళ్ళ కింది అంతస్తులో ఉండే మనిషి, ఆదివారాలు వాళ్ళింట్లో టీ తాగేవాడు. ఆ రోజుల్లో వాళ్ళ దేశంలో అలా రాసేవాళ్ళు ప్రతి మెట్ల దారిలోనూ ఉండేవాళ్ళట. "పై అధికారిని మొహం మీదే తిట్టొచ్చు, మాలో తప్పు కాదు. పక్కవాడి గురించి చాటుగా రాయడం ఒక్కటే తప్పు," అన్నాడు. ఆ మనిషిని ఏం చేశారని మేనేజరు అడిగితే, ఏం చేయలేదని, వాళ్ళమ్మ బతికున్నంత కాలం మెట్ల మీద అతనికి రోజూ నమస్కారం చెప్పిందని, తలుపు మాత్రం తెరవలేదని అన్నాడు.

నా సంగతీ అంతే అయింది. మర్నాడు బస్సు దగ్గర భయపడుతూ బాగున్నారా అని అడిగాను. ఆయన నవ్వాడు. బాగున్నాను, థాంక్యూ అన్నాడు. మోకాలు లేదు, నడుము లేదు, కాఫీ లేదు. ఆ తరవాత ఎనిమిది నెలల్లో ఎప్పుడడిగినా అదే నవ్వు, అదే బాగున్నాను. చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. బాగా లేదని చెప్పడం ఆయన నాకిచ్చిన చనువని, అది పోయాక తెలిసింది. రెండుసార్లు క్షమాపణ చెప్పడానికి ఆయన గుమ్మం దాకా వెళ్ళాను. రెండుసార్లూ గడప ఇవతలే నిలబెట్టి, మర్యాదగా మాట్లాడి పంపేశాడు. ఆయన ఆ కాగితాలు నా చేతిలో పెట్టిన రోజు నుంచి నా డైరీలో మనుషుల రాకపోకలు రాయడం మానేశాను. ఎండ, గాలి, నా ఒంటి సంగతి, ఇంటి నుంచి ఫోను, అంతే.

కాంట్రాక్టు ముగిసి ఆయన వెళ్ళే రోజు పొద్దున పదింటికి కంపెనీ బస్సు వచ్చింది. గది తాళంచెవి నా బల్ల మీద పెట్టి, తల వంచి, వెళ్ళి బస్సెక్కాడు. పది నిమిషాలకి మళ్ళీ వచ్చాడు. మెస్సులో కళ్ళజోడు మరిచిపోయాడట, చేతిలో ఉంది. తన గదికి అప్పటికే తాళం. నా గది గుమ్మంలో బూట్లు విప్పి, గడప దాటి లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చున్నాడు. పెదాలు ఏదో లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి. బయలుదేరిన మనిషి వెనక్కి వస్తే కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వడం మనకి అలవాటు కనక, స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు నా చేతికే ఇచ్చి, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆయన స్థానంలో వచ్చిన పోలండ్ ఇంజనీరుని తరవాత అడిగాను. మరిచిపోయిన వస్తువు కోసం వెనక్కి వస్తే ఒకచోట కూర్చుని పది లెక్కపెట్టి బయలుదేరడం వాళ్ళ ఆచారమట. ఎక్కడ కూర్చోవాలని అడిగితే, ఎక్కడైనా, కుర్చీ ఉంటే చాలని నవ్వాడు. అప్పటి నుంచి ఇదే నా అనుమానం. మెస్సులో కుర్చీలకి కొదవ లేదు, కళ్ళజోడు దొరికింది అక్కడే. అక్కడే పది లెక్కపెట్టి పోవచ్చు కదా, నా గదికి ఎందుకొచ్చాడు? మెస్సు నుంచి గేటుకి పోయే దారిలో నా గది తగలదు. కానీ బస్సులు ఒక్కోసారి గేటు దగ్గర కాక నా గది ఎదుటే ఆగేవి. ఆ రోజు అక్కడే ఆగి ఉంటే, దారిలో కనిపించిన కుర్చీ కనక కూర్చున్నాడనుకోవాలి. గేటు దగ్గర ఆగి ఉంటే మాత్రం, అంత దూరం ఎండలో నడిచి నా గడప దాటడానికే వచ్చాడని అర్థం.

మొన్న డైరీ తీసింది అది చూద్దామనే. ఆ పేజీలో గాలిలో దుమ్ము ఉందని, నాకు కొంచెం తలనొప్పి అని ఉంది. ఇప్పుడు ఘాలాలో ఏ క్యాంప్‌కి వెళ్ళినా ప్రతి గుమ్మం మీద కెమెరా ఉంది, ఏ బస్సు ఏ నిమిషాన ఎక్కడ ఆగిందో ఫోనులోనే చూడొచ్చని మా అల్లుడు చెబుతాడు. ఎవరి చేతిరాతా అక్కర్లేదు, ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. మా కాలంలో ఒకడు కూర్చుని రాస్తేనే మిగిలేది, రాయనిది పోయేది. అక్కర్లేనివన్నీ నిమిషాలతో సహా రాసుకున్న నేను, ఆ రోజు బస్సు ఎక్కడ ఆగిందో రాయలేదు.