రింగుల్లేని కోర్టు

నేను ఇంట్లో కూడా గొంతెత్తి మాట్లాడను. అలాంటిది ఆ ఆదివారం కాలేజీ గేటు ముందు నిలబడి ప్రిన్సిపాల్ మీద అరిచాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

మేం మెదక్‌లో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు మా తోటి విద్యార్థి ఒకడు ప్రాణం. చర్చి వెనక వీధి కుర్రాడు. అంత పొడుగు మనిషి బంతి చేతికందితే పిల్లిలా కదిలేవాడు. సాయంత్రం మ్యాచ్ ఉందంటే జువాలజీ ప్రాక్టికల్‌లో కప్పను ట్రేలోనే వదిలేసి పరుగెత్తేవాళ్లం. టేక్మాల్, రేగోడ్ నుంచి వచ్చే పిల్లలు ఆఖరి బస్సు వెళ్లిపోతున్నా కదిలేవారు కాదు.

తర్వాత అతను శంకరంపేటలో ఒక ప్రైవేటు బడిలో పీఈటీ అయ్యాడు. అయినా సాయంత్రం పూట మా పాత కోర్టుకే వచ్చి పిల్లలకు ఆట నేర్పేవాడు. ఏదో ఫంక్షన్‌కు అడ్డమని కాలేజీ వాళ్లు రెండు రింగులూ విప్పేసి, మళ్లీ బిగించలేదు. వాటి కోసం అతను ఎక్కని గడప లేదు. ప్రిన్సిపాల్, ఊరి నాయకుడు, అందరిదీ ఒకటే మాట, చూద్దామని. ఆట లేక పిల్లలు ఒక్కొక్కరే మానేశారు.

ఒక ఉదయం బడిలో ప్రార్థన జరుగుతుండగా అతను కుప్పకూలిపోయాడు. మెదక్ దవాఖానాకు తెచ్చేలోపే గుండె ఆగిపోయింది.

ఆదివారం చర్చిలో అతని చివరి ప్రార్థన అయ్యాక సమాధుల తోటకు బయలుదేరబోతుంటే అతని భార్య అంది: "ఒక్కపారి కోర్టు కాడికి తీస్కపోదం. ఆయన పానమంత ఆన్నే ఉండె."

అప్పట్లో అతని ఆట చూసిన వాళ్లందరం శవపేటిక ఉన్న బండి వెంట నడిచాం. గేటుకు తాళం. మేం వస్తున్నట్టు ముందే తెలిసినట్టుంది, లోపల ప్రిన్సిపాల్.

"పర్మిషన్ లేదమ్మా. ఇయ్యాల కాలేజీ బంద్."

"మనిషి సచ్చిపోయిండు సార్! పర్మిషన్ ఎవరిని అడగాలె? గీ కాలేజీకి కప్పులు తెచ్చింది ఎవరు? గా కప్పులన్నీ మీ రూములనే ఉన్నయి గద!" అని అరిచాను. ఆయన ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు.

అంతలో సంగతి తెలిసి ఊరి నాయకుడి కారు వచ్చింది. హారన్ ఒక్కసారి మోగిందో లేదో, గేటు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. ఎవరినీ అడగకుండా ఆ కారు వెనకే మా బండిని లోపలికి తోసేశాం.

కోర్టు నిండా టెంటు కర్రలు, విరిగిన కుర్చీలు. వాటిని పక్కకు లాగి శవపేటికను మధ్యలో దించాం. నాయకుడు పూలదండ వేసి, వెంట తెచ్చుకున్న ఫోటోగ్రాఫర్ వైపు తిరిగాడు.

"ఆయన పేరు మీద స్టేడియం కట్టిస్తం" అన్నాడు.

ఒకప్పుడు అతనితో కలిసి జట్టులో ఆడి, ఇప్పుడు మొబైల్ షాపు నడుపుకునే మిత్రుడు ముందుకొచ్చాడు. "స్టేడియం ఎందుకు సార్? రెండు రింగులు అడిగిండు. మీ ఇంటి ముంగట ఎన్ని పొద్దులు నిలబడ్డడో యాదికున్నదా?"

నాయకుడు ఆ మిత్రుడి భుజం తట్టబోయాడు. అతను ఆ చేతిని తోసేశాడు. పేటిక పక్కన కూర్చున్న భార్య లేచింది.

"ఫొటోలు సాలు సార్. జర జరుగుండ్రి. మా మనుషులు సూస్కోవాలె."

ఆయన వెళ్లిపోయాడు. మేం చుట్టూ కూర్చున్నాం. ఎవరో ఏడుస్తూనే పాత మ్యాచ్ సంగతి ఎత్తుకున్నారు. దాని వెనక ఇంకొకటి. తర్వాత తోటకు తీసుకెళ్లి మట్టి వేశాం.

సాయంత్రానికి ఆ నాయకుడి పేజీలో ఫోటో వచ్చింది. పేటిక సగానికి కత్తిరించి ఉంది, ఆయన ముఖం మాత్రం నిండుగా ఉంది. ఊరంతా దాన్నే షేర్ చేసింది. జరిగిందంతా దాని కిందే రాశాను. కాసేపటికి నాయకుడి మనిషెవరో ఫోన్ చేశాడు.

"మేడం, గది డిలీట్ చెయ్యుండ్రి. సార్ పరేషాన్ అయితుండు."

"కానియ్యుండ్రి" అని పెట్టేశాను. ఇప్పటికీ తీసేయలేదు.