గరిక పరిచిన అప్పలనరసమ్మక్క

దగ్గరగా జరిగి కూర్చోండి. గుమ్మంలో నిలబడి వినే మాట కాదిది. మా అప్పలనరసమ్మక్క పోయింది. పోయి పద్నాలుగు రోజులైంది. మా ఆయనకు వదిన, నాకు తోడికోడలు, ఈ ఇంట నేను అడుగుపెట్టిన నాటి నుంచీ నా పెద్దదిక్కు. వస్తుందని తెలిసిన చావే. అయినా ఆమె వెళ్లిన తీరు నాకు మింగుడుపడదు.

అక్కకు పిల్లల్లేరు. బావగారు చిన్న వయసులోనే కాలం చేస్తే, కోటబొమ్మాళి చుట్టూ ఉన్న పొలాల్లో నలభై ఏళ్లు కలుపు తీసి, మా ఆయన్ని పెంచి పెళ్లి చేసింది. మనసు వెన్న అని చెప్పను. నోరు కారం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఊడ్పులకు వంగి నడుం పట్టుకుంటే, "ఏటే, నీ నడుం మీ అమ్మ దగ్గరే వొదిలీసొచ్చినావా? పోయి తెచ్చుకో" అని పదిమందిలో అంది. ఏడ్చాను. ఆ సాయంత్రం ఆముదం వెచ్చబెట్టి నా నడుముకు రాసింది. రాస్తూ కూడా తిట్టింది.

పెద్ద తుపానుకు మా పెరట్లో కొబ్బరిచెట్లన్నీ కూలిపోయాయి. నీడ పోయింది. నేల పెనంలా కాలేది. అప్పటికే చక్కెర జబ్బు అక్క కుడికాలి వేళ్లు రెండు తినేసింది. గట్టి నేల మీద నడవొద్దని డాక్టరు చెప్పాడు.

మా ఆయన విశాఖపట్నంలో ఏదో పెళ్లిమండపం చూసొచ్చి, నర్సరీ నుంచి పచ్చగడ్డి చాపలు తెప్పించి పెరట్లో పరిపించారు. ఊరందరినీ పిలిచి చూపించారు. వేసవిలో బోరు అడుగంటింది, గడ్డి గోగునారలా ఎండింది. అక్క నలుగురి ముందే అడిగింది: "ఒరే మరిదీ, దీనికి పూటపూటా తానం సేయించి పడుకోబెట్టాల. నువ్వు గడ్డి తెచ్చినావా, కొత్తల్లుణ్ణి తెచ్చినావా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆయన నవ్వలేదు.

తొలకరి పడగానే అక్క నన్ను పొలం గట్టుకు పంపి గరిక తెప్పించింది. పక్కింటి గౌరమ్మ గోడ మీంచి చూసి, "ఓలమ్మా, బతుకంతా పీకిన కలుపుని ఇప్పుడు నాటతన్నావేటి?" అంది.

"ఎన్నిసార్లు పీకినా మళ్లీ లేసింది ఇదొక్కటేనే. నీళ్లు పోసేవోళ్లు లేకపోయినా బతుకుతాది. నాలాగ."

రాళ్లు ఏరి, పశువులపెంట, చెరువుమట్టి కలిపి నేల గుల్ల చేశాం. మూడేసి కణుపులుండేలా తుంచి, జానెడు దూరంలో ఏటవాలుగా నాటాం. అక్క పీట మీద కూర్చుని కర్రతో చూపించేది. నేను వంకరగా పెడితే అదే కర్రతో వేళ్ల మీద కొట్టేది. మూడు వారాలు నీళ్లు చల్లాం. ఆ తర్వాత వానే దిక్కు. తుంగ కనబడితే గడ్డతో సహా తవ్వి పారేయడం, ఏడాదికి రెండుసార్లు కొడవలితో కోయడం, అంతే పని. ఎండల్లో పసుపుబారేది, ఒక్క జల్లుకు తిరిగి పచ్చబడేది. వినాయక చవితికి వీధివీధంతా మా పెరటికే వచ్చేది. అక్క తిట్టి మరీ ఇచ్చేది.

పొద్దునా సాయంత్రం నా భుజం పట్టుకుని ఆ గరిక మీద నడిచేది. "కాలికి ఏటీ తెలీటం లేదే. మెత్తగున్నాదని మనసుకి మాత్రం తెలస్తన్నాది" అనేది.

ప్రాణం పోయే ముందు మనిషిని మంచం మీంచి నేలకు దించడం మా ఆచారం. ఒకనాడు మా ఇద్దర్నీ పిలిచి చెప్పింది: "నన్ను ఆ గరిక మీద దించండి. బతికినన్నాళ్లూ గట్టి నేలే నాకు." మా ఆయన "అలాగే వదినా" అన్నారు.

ఈ ఏడు పుండు మోకాలు దాటింది. ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తెచ్చిన మర్నాడు మా ఆయన ఇద్దరు కూలీలను పిలిచారు. "రేపోమాపో జనం వస్తారు, టెంటు వెయ్యాల. ఈ కలుపు సెక్కీయండి" అన్నారు.

"ఆవిడ బతికే ఉన్నాది గదండీ!" అన్నాను.

"ఆ రోజు నవ్వినావు గదా. ఇప్పుడూ నవ్వు."

కిటికీ పక్కనే అక్క మంచం. పార చప్పుడుకు కళ్లు తెరిచింది. "ఏటే అది?"

"వాననీళ్లు పోడానికి కాలవ తీస్తన్నారక్కా."

"గరిక సెక్కే సప్పుడు నాకు తెలీదేటే?" కాసేపు విని, "ఎంతదాకా వచ్చినారు?" అంది.

"నూతి దాకా."

"అయితే కిటికీ కింద ఇంకా ఉన్నాది. బేగి దించీయే."

పెరట్లోకి పరుగెత్తి చెప్పాను. మా ఆయన కదల్లేదు. "ఇంకా మాటాడతన్న మనిషిని దించితే జనం నన్నేటంటారు?" కూలీలు ఆయన ముఖం చూసి తలలు దించుకున్నారు. నేనొక్కదాన్నే మంచం పట్టె ఎత్తబోయాను. అంగుళం లేచి పడింది. అక్క మూలిగింది, తిట్టలేదు. నన్ను తిట్టకుండా వదిలిపెట్టింది ఆ ఒక్కసారే.

దీపాలవేళకు పార కిటికీ కిందకు వచ్చి ఆగింది. "అయిపోనాది" అంది అక్క. మరి మాట్లాడలేదు. అప్పుడు నలుగురూ వచ్చి, చెక్కిన ఉత్త నేల మీద దించారు. మర్నాడు పరామర్శకు వచ్చి కుర్చీల్లో కూర్చున్నవాళ్లు పెరడు ఎంత శుభ్రంగా ఉంచారోనని మా ఆయన్ని మెచ్చుకున్నారు.

అలాంటి చేయి, అలాంటి నోరు ఈ ఇంట మళ్లీ పుట్టవు. ఆ మానధనురాలి పాదాలకు, లేని ఆ రెండు వేళ్లతో సహా, నా నమస్కారం.

ఇంతసేపు విన్నారు, మీ ఇల్లు పదికాలాలు పచ్చగా ఉండాలి. మీ ఇంట మంచాన పడ్డ మనిషి కోరింది, కళ్లలో వెలుగుండగానే తీరాలి. మంచం రెండో పక్క పట్టడానికి మీకు ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి.