నెలకో శనివారం

ఆ శనివారం జయకర్ మాస్టారి మీసం పోయింది.

ఆదివారం ప్రార్థన ఉంటుంది కాబట్టి ముందురోజే వృద్ధాశ్రమంలో మగవాళ్లందరికీ గడ్డాలూ మీసాలూ గీస్తారు. వరండాలో వరసగా కుర్చీలు వేశారు. చివరి కుర్చీలో కునుకు తీస్తున్న పెద్దాయన ఆశ్రమం ఓనరని, చేరి రెండు రోజులైన ఆయా పుల్లమ్మకి తెలీదు. పని మాత్రం శుభ్రంగా చేసింది.

"ఓనర్లు ఓనర్లలా ఉంటే మీసాలుంటాయి సార్," అంది మేనేజరు రిబ్కా. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

రిటైరయ్యాక పెనుగొలను పొలం అమ్మి తిరువూరులో ఆ ఆశ్రమం కట్టారు మాస్టారు. ఉన్న పద్దెనిమిది మందికీ తన ఫోన్ నంబరిచ్చారు. బీపీ మనిషికి రిబ్కా ఊరగాయ వద్దంటే, ఆయన చాటుగా మామిడి ముక్క పెట్టేవారు.

"ఇక్కడ మేనేజరు నేనా, మీరా? తేల్చండి. విజయవాడలో ఆస్పత్రివాళ్లు సోమవారమే ఉద్యోగంలో చేరమంటున్నారు."

నర్సు చదువు చదివింది ఆమె ఒక్కతే. ఆమె వెళ్తే ఆశ్రమానికి తాళమే. మాస్టారు తేల్చేశారు. ఇక నెలకో శనివారమే వస్తారు. ఎవరు ఫోన్ చేసినా రిబ్కాకే చెప్పమంటారు.

మూడో వారంలో ఆశ్రమం నుంచి శౌరయ్య ఫోన్ చేశాడు. మామిడితోటల్లో కాపలా కాసి ముసలైనవాడు.

"ఒక్కసారి రండి సార్. మీతో చెప్పాలి."

"ఏదున్నా రిబ్కమ్మకి చెప్పు."

"ఆడమనిషి కదండీ..."

"నర్సయ్యా ఆవిడ! సిగ్గేంటి నీకు?"

మర్నాడూ ఇదే మాట. మూడోసారి మాస్టారు ఫోనే ఎత్తలేదు. మాట మీద నిలబడ్డానని కాస్త గర్వపడ్డారు కూడా.

ఒంటేలు సరిగా రావడం లేదన్న సంగతి శౌరయ్య ఇంకెవరికీ చెప్పలేదు. రిబ్కా అడిగితే "బానే ఉన్నానమ్మా" అన్నాడు. నాలుగో రోజు మంచం మీద మెలికలు తిరిగిపోతుంటే విజయవాడ తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది. కిడ్నీలు సగం దెబ్బతిన్నాయి. గొట్టమూ మూత్రం సంచీ ఇక బతికున్నన్నాళ్లూ తప్పవన్నారు.

అతను తిరిగొచ్చిన రోజునుంచి మాస్టారు పొద్దున్నే వచ్చి, మంచం పక్కన వంగి ఆ సంచీ ఖాళీ చేస్తున్నారు. శౌరయ్య గోడవైపు తిరిగి పడుకుంటాడు. రిబ్కా వారం రోజులు చూసింది.

"అది ఆయాల పని సార్. నెలకోసారే వస్తానని మీరే అన్నారు కదండీ?"

"శౌరయ్యకి ఈ సంచీ తగిలించింది నేనేనమ్మా, ఖాళీ చేసేదీ నేనే."