గాలిలో మాట దారి

భావనపాడు గంగులు కూతురు ఝాన్సీ విజయనగరంలో టెలికమ్యూనికేషన్స్ ఎంటెక్ చదివింది. సెలవులకు ఇంటికొస్తే చాలు, వీధిలోవాళ్లు పాడైన సెల్‌ఫోన్లు పట్టుకొచ్చేవారు.

"అది నా సదువు కాదు పిన్నీ."

"మరింకేటి సదివినావే అన్నేళ్లు?"

తల్లి తవిటమ్మ చేపల గంప దించుకుంటూ, "గాల్లో మాటలెలా ఎల్తాయో సదివింది" అని గర్వంగా అందుకునేది.

చదువయ్యాక ఝాన్సీ శ్రీకాకుళంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరింది. ఒక ఆదివారం ఇంటికొచ్చినప్పుడు తండ్రి విసుక్కోవడం విన్నది. వేట పడవల్లో వైర్‌లెస్ సెట్లున్నాయి, ఒడ్డున పడవల సంఘం గదిలో మరొకటుంది. పడవ కాస్త లోపలికి పోగానే మాట గరగరలో కలిసిపోతోంది. కొత్త సెట్టు కొనాలని సంఘం తీర్మానించింది.

"సెట్టుదే తప్పని ఎలా తెలిసింది నాన్నా?"

"మాట రావటం లేదు గదా!"

పీజీలో ఆమెకు బాగా అబ్బిన విద్య ఒకటుంది. ఊహించి ఊరుకోకుండా, మాట బయలుదేరిన చోటి నుంచి ఒక్కో మెట్టూ కొలుచుకుంటూ పోవడం. పై వారం కాలేజీ ల్యాబులో మీటరు అడిగి తెచ్చుకుంది. సెట్టు బాగానే ఉంది. యాంటెనాకు వెళ్లే కేబులు అతుకు విప్పితే లోపలి రాగి పచ్చబడి రాలిపోయింది. ఉప్పుగాలి తినేసింది. పైగా యాంటెనా రేకుల కప్పును ఆనుకుని పొట్టిగా ఉంది.

"దీన్ని ఎత్తులో పెట్టాలి నాన్నా."

"ఎత్తుకీ మాటకీ ఏటి సంబంధం?"

ఝాన్సీ సూత్రం చెప్పబోయి ఆగింది. "నువ్వు ఏటకెళ్తుంటే ఒడ్డున ముందు ఏటి కనపడకుండా పోతాది?"

"ఇసక. తర్వాత ఇళ్లు."

"ఆఖర్న?"

"తాటిసెట్ల తలలు."

"ఈ మాటా మన సూపులాంటిదే. ఎత్తు నుంచి బయల్దేరితే దూరం పోతాది."

"ఓస్, ఇంతేనేటి! అలా సెప్పొచ్చు గదే" అంటూ గంగులు పొడుగాటి ఇనప గొట్టం వెతకడానికి బయల్దేరాడు. కొత్త అతుకు మీద ఇద్దరూ కలిసి నీరు దిగకుండా రబ్బరు టేపు చుట్టారు. పడవల మీది యాంటెనాలూ సరిచేశారు.

కార్తీకంలో ఒక పొద్దున, తవిటమ్మ తమ్ముడు దేవేంద్ర పడవ ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. గాలి పడవను లోపలికి లాగేస్తోంది. అతని కేక సంఘం గదిలో స్పష్టంగా వినిపించింది. అక్కడున్న గంగులు, దేవేంద్రకు దగ్గరలో వేటాడుతున్న మరో పడవను పిలిచి దారి చెప్పాడు. మధ్యాహ్నానికి రెండు పడవలూ ఒడ్డు చేరాయి.

మర్నాడు దేవేంద్ర పెద్ద కోనెం చేపతో కాలేజీ గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"నా గొంతు ఒడ్డుకి సేరిందే కోడలా" అన్నాడు. ఝాన్సీ చేపనందుకుని, మేనమామ చెయ్యి వదలకుండా కాసేపు అక్కడే నిలబడింది. ఆ రోజు స్టాఫ్‌రూమంతా నీచు వాసనే.

ఇప్పుడు సంఘం గదిలో సెట్టు దగ్గర ఎక్కువగా కనిపించేది తవిటమ్మే. "ఓయ్, బీపీ మాత్తర సంచీలో ఎట్టినాను. ఏసుకున్నావా నేదా?" అని సముద్రంలో ఉన్న మొగుణ్ని గదమాయిస్తుంది.

"అమ్మా, అది అన్ని పడవలకీ ఇనపడతాది!" అని ఝాన్సీ మొత్తుకుంటుంది.

"ఇననీ. ఆళ్లయినా గుర్తు సేస్తారు."